కళ్ళకద్దుకునే చెయ్యి

నా చెల్లెలి మొగుడి కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ సంగతి రుజువు చేయడానికి ఒకరోజు పొద్దున నేనూ అతనూ హిందూపురంలో కంటి డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని, బల్ల మీద కూర్చుని, పిలుపు కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. అతనికి కళ్ళ మంట లేదు, నీరు కారడం లేదు, మసక లేదు. అయినా అతను పని చేసే మాత్రల ఫ్యాక్టరీ వాళ్ళు, డాక్టరు చేత రాయించుకు వస్తేనే మళ్ళీ మిషను దగ్గరికి రానిస్తామన్నారు.

"బావా, నిజంగా నీ కండ్లకు ఏమీ లేదా?" అని అడిగాను.

"ఏమీ లేదు బావా. కావాలంటే చూడు," అని ఎదురు గోడకు తగిలించిన అట్ట మీద చివరి వరస అక్షరాలు కూర్చున్న చోటి నుంచే గడగడా చదివాడు.

పక్కన చేతికర్ర పట్టుకుని కూర్చున్న ముసలాయన వింటూనే ఉన్నాడు. "ఏమబ్బా, అంత బాగా కనపడ్తా ఉంటే ఈడికెందుకొచ్చినావు? లేసి పో, నా వంతన్నా ముందుకొస్తాది," అన్నాడు.

వరసకు ఒకరినొకరం బావా అనుకుంటాం గానీ వయసులో అతను నాకంటే బాగా చిన్న. ధర్మవరంలో మాదీ మగ్గం ఇల్లే, వాళ్ళదీ మగ్గం ఇల్లే. నేను కుర్రతనంలోనే పేపరు పనిలో పడి హిందూపురం వచ్చేశాను. పట్టుగూళ్ళ మార్కెట్టులో ధర ఎంత పలికిందో, బస్టాండులో నీళ్ళు ఎందుకు రావడం లేదో రాసుకుంటూ ఇక్కడే స్థిరపడ్డాను. అతను మాత్రం నలభై దాటేవరకు మగ్గం వదల్లేదు. గుంతలో కాళ్ళు దించి కూర్చుని, చెక్కలు తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చుంటే లేవలేడు. గుంతలోకి దిగితే పైకి రావడానికి మనిషి సాయం కావాలి. చివరికి డాక్టరు మగ్గం మానెయ్యమన్నాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, మగ్గం మీద పోగును అటూ ఇటూ పోనిచ్చే నాడెను పాత పట్టు గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాడని చెల్లెలు చెప్పింది.

కంటి డాక్టరు లోపలికి పిలిచాడు. కనురెప్పలు తిప్పి చూశాడు, టార్చి వేసి చూశాడు, గడ్డం ఒక మిషను మీద ఆనించమని చెప్పి చూశాడు.

"కండ్లు ఇంత బాగుండాయి కదప్పా. ఎవరు పంపించినారు నిన్ను?"

"ఫ్యాక్టరీ వాళ్ళు సార్. నేను కండ్లు రుద్దుకుంటాండానంట."

"రుద్దుకుంటాండావా?"

"లేదు సార్."

"మరి?"

"కెమెరాలో పడిందంట సార్."

డాక్టరు నా వైపు చూశాడు. నాకు మాత్రం ఏం తెలుసు? కళ్ళలో ఏ దోషమూ లేదని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఫీజు తీసుకోవాలా వద్దా అన్నట్టు కాసేపు ఆగి, తీసుకున్నాడు.

అతను ఆ ఫ్యాక్టరీలో చేరిన తీరు చెప్పాలి. మగ్గం మానేశాక కొన్నాళ్ళు ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత హిందూపురం బయటి మాత్రల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరాడు. రోజూ ధర్మవరం నుంచి రావాలంటే దూరం. హిందూపురం వచ్చి ఉండమంటే చెల్లెలు ఒప్పుకోలేదు. ఆమె చీరలకు కుచ్చులు కడుతుంది. ఆ చీరలు ధర్మవరం షాపుల నుంచే రావాలి. చివరికి ఇద్దరికీ మధ్యలో ఉంటుందని పెనుకొండలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పొద్దున అతను రైలెక్కి ఇటు వస్తాడు, ఆమె చీరల మూట కోసం అటు పోయి వస్తుంది. "మా సంసారం స్టేషన్లోనే జరుగుతాది అన్నా," అని నవ్వేది.

హెల్పరు పని అంటే మొదట్లో నాకు అర్థం కాలేదు. మాత్రను మనం చూసేది చివరలో, వెండి రంగు అట్టలో. అంతకుముందు అది పొడి. పొడిని పొడిగానే నొక్కితే మాత్ర నిలవదు, రాలిపోతుంది. అందుకని మందు పొడినీ మిగతా పొడులనూ కలిపి, గంజి పోసి తడిపి, సన్నని రవ్వలా చేసి, ఆ రవ్వను ఆరబెట్టి, అప్పుడు నొక్కాలి. ఇంతకుముందు వాళ్ళ ఫ్యాక్టరీలో కలిపేది ఒక మిషను, రవ్వ చేసేది ఇంకొకటి, ఆరబెట్టేది మరొకటి. ఒకదాని నుంచి ఒకదానికి మోయాల్సింది మనుషులే. తడి రవ్వను పెద్ద పెద్ద స్టీలు ట్రేలలో పరిచి, ఆ ట్రేలను ఎత్తి వేడి బీరువాలో పేర్చాలి. కింది అరకు వంగాలి, పై అరకు నిక్కాలి. మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ పని పడింది.

ఒక ఆదివారం నేను పెనుకొండ పోతే అతను మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకు వేడి ఉప్పు మూట పెట్టుకుని ఉన్నాడు.

"మానెయ్యి బావా," అన్నాను.

"మానేసి యాడికి పోదును? మగ్గం మానేస్తి, ఇదీ మానేస్తే ఇంక మిగిలేది మంచమే."

ఆ తర్వాత కొన్ని నెలలకు కొత్త మిషను వచ్చింది. గోడ ఒకవైపు పగలగొట్టి దాన్ని లోపలికి దించారట. ఆ వారం అతని మాటల్లో ఇంకొకటి లేదు. స్టీలుతో చేసిన పెద్ద గుండ్రటి పాత్ర, పైన బరువైన మూత. పొడి గొట్టంలోంచి పీల్చుకుని లోపలికి పోతుంది. అడుగున రెక్క తిరిగి కలుపుతుంది. పైనుంచి గంజి సన్నగా పడుతుంది. పక్కనుంచి ఇంకో చిన్న రెక్క ఉండలు కట్టకుండా చిదుముతుంది. రవ్వ అయ్యాక పాత్ర చుట్టూ వేడి నీళ్ళు తిరుగుతాయి, పంపు లోపలి తడిని ఆవిరి చేసి లాగేస్తుంది. ఆరేటప్పుడు మిషనే పాత్రను మెల్లగా అటూ ఇటూ ఊపుతుంది. మూత తీసేసరికి ఆరిన రవ్వ. మధ్యలో ఎవరూ ఏమీ మోయక్కర్లేదు. చిటికెడు పొడి కూడా బయటికి రాదు.

చెల్లెలు కుచ్చులు కడుతూ ఇదంతా విని, "అంటే సంగటి కుండ కదా!" అంది.

"సంగటి కుండేంది?"

"అన్నం ఉడికిన కుండలోనే పిండి పోస్తాం, దాంట్లోనే తెడ్డు తిప్పుతాం, దాంట్లోనే మగ్గనిస్తాం. కుండ మార్చే పనే లేదు. మీ వాళ్ళకు ఇది ఇప్పుడు తెలిసిందా?"

"ఊపేది కూడా ఉండాదే. మీ సంగటి కుండ ఊగుతాదా?"

"ఊపుతారా? యాలప్పా, పసిబిడ్డా అది?"

ఆ రోజు నుంచి మా ఇళ్ళల్లో ఆ మిషను పేరు సంగటి కుండ. దాని అసలు పేరు పొడుగ్గా ఇంగ్లీషులో ఉండేది. అతను దాన్ని ఎప్పుడూ పూర్తిగా పలకలేదు.

ఆ మిషనుకు కొత్తగా ఆపరేటర్లను తయారు చేస్తున్నారు. అతను మగ్గం మీద ఉన్న మనిషి కదా, చెయ్యి నిదానంగా ఉంటుందని సెక్షను ఇంచార్జి అతన్ని కూడా నేర్చుకునే వాళ్ళలో చేర్చింది. ఆమె గుడిబండ వైపు అమ్మాయి, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టి మళ్ళీ తెలుగులో ముగిస్తుందని అతను చెప్పేవాడు. అతను గొప్పగా ఏమీ నేర్చుకోలేదు. స్క్రీను మీద అంకెలు చూసి బటను నొక్కడానికి మొదట్లో భయపడ్డాడు. ఒకసారి గంజి ఎక్కువ పోయి, రవ్వ కావాల్సింది ముద్దయితే ఆమె చేత కన్నడంలో తిట్లు తిన్నాడు. కానీ నిలబడి చేసే పని. కావాలంటే స్టూలు మీద కూర్చోవచ్చు. ట్రే ఎత్తక్కర్లేదు. పాత మిషన్ల దగ్గర ట్రేల పని ఇంకా నడుస్తూనే ఉంది.

"ఇది దక్కితే నేను పని చేస్తా బావా. దక్కకుంటే మళ్ళీ ట్రేలే. ట్రేలు నా వల్ల కాదు," అన్నాడు నాతో. చెల్లెలు వినకుండా అన్నాననుకున్నాడు గానీ ఆమె గోడ అవతలే ఉంది.

అలాంటి రోజుల్లో ఆ ఫ్యాక్టరీ మందులు కొనే దేశం నుంచి తనిఖీకి మనుషులు వచ్చారు. వాళ్ళు మిషను చూశారు, కాగితాలు చూశారు, తర్వాత ఒక గదిలో కూర్చుని కెమెరాలో పాత రోజుల పని కూడా చూశారు. అందులో మా బావ కనిపించాడు. పాత్ర మూత మూసిన ప్రతిసారీ ఈ ఆపరేటరు కళ్ళు రుద్దుకుంటున్నాడు, మూత సందుల్లోంచి పొడి లేచి ఇతని కళ్ళలో పడుతోందా అని అడిగారు. చిటికెడు పొడి కూడా బయటికి రాదని చెప్పి కొన్న మిషను అది. ఫ్యాక్టరీలో అందరికీ చెమటలు పట్టాయి. ఇంజనీర్లు మూత విప్పి, చుట్టూ ఉన్న రబ్బరు వాషరు తీసి చూసి, మళ్ళీ బిగించి, గాలి పట్టి చూశారు. ఎక్కడా లీకు లేదు. మిషనులో తప్పు లేకపోతే మనిషి కళ్ళలో ఉండాలి. ఇంచార్జి అమ్మాయి అప్పుడు అవ్వకు బాగాలేదని గుడిబండ పోయి ఉంది. ఆమె లేనప్పుడు పైవాళ్ళు తీసుకున్న నిర్ణయం అది, కంటి డాక్టరు దగ్గరికి పంపడం.

డాక్టరు కాగితం పట్టుకుని మేమిద్దరం ఫ్యాక్టరీకి పోయేసరికి ఇంచార్జి తిరిగి వచ్చి ఉంది. గేటు దగ్గర నన్ను ఆపుతారనుకున్నాను. ఆఫీసు గది వరకు రానిచ్చారు. ఆమె కాగితం చదివి పక్కన పెట్టింది.

"కండ్లకు ఏమీ లేదని నాకు తెలుసన్నా. ఇట్ల కూచో. సార్, మీరు కూడా చూడండి," అని కంప్యూటరు మా వైపు తిప్పింది.

తెరమీద ఒక మనిషి. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల బట్టలు, నోటికి మాస్కు, చేతులకు గ్లౌజులు. కళ్ళు ఒక్కటే కనబడుతున్నాయి. పాత్ర మూత మూశాడు, బిగించాడు. కుడి అరచెయ్యి మూత మీద పెట్టాడు. ఆ వేళ్ళు తీసి కుడి కంటికి, ఎడమ కంటికి అద్దుకున్నాడు. ఆ తర్వాత బటను నొక్కాడు. ఆమె ఇంకో రోజుది పెట్టింది. అదే. ఇంకో రోజుది. అదే.

నాకు నవ్వు రాలేదు. మా నాయన పొద్దున్నే నాడె చేతిలోకి తీసుకుని అలాగే చేసేవాడు. ధర్మవరంలో మా వీధి వీధంతా అలాగే చేసేది. పుస్తకం కింద పడితే తీసి అద్దుకుంటాం, తక్కెడ తగిలితే అద్దుకుంటాం, బస్సు డ్రైవరు స్టీరింగు పట్టుకునే ముందు అద్దుకుంటాడు. చూసీ చూసీ మాకది కనపడదు. దూరదేశం నుంచి వచ్చిన వాళ్ళకు కనపడింది, కనపడింది గనుకే కంటి జబ్బు అనుకున్నారు.

బావ కంప్యూటరుకు దగ్గరగా వంగాడు. "ఇది నేనా మేడం?"

"నువ్వేనన్నా."

"నేనిట్ల చేస్తానా?"

"పతిసారీ చేస్తావు. మా నాయన ట్రాక్టరు ఎక్కేటప్పుడు ఇట్లే చేస్తాడు. నేనుండింటే కంటి డాక్టరు దాకా పోయేదే లేదు. చూస్తానే చెప్తుంటి."

"నాకు తెలీదు మేడం. మా అమ్మ మీద ఒట్టు. చెయ్యి పోయినట్టే తెలీదు నాకు."

"తెలీకుండానే కదా పోతాది. కానీ గ్లౌజు ఏసుకున్నాక మొకం ముట్టుకోకూడదు. నేర్పించినప్పుడు చెప్పలేదా? ముట్టుకుంటే ఆ గ్లౌజు పారెయ్యాల, కొత్తది ఏసుకోవాల. నువ్వు అదే గ్లౌజుతో లోపల శాంపులు తీస్తాండావు."

అతను కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"దండం పెట్టుకుంటే మురికెట్లయితాది మేడం?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని.

ఆమె కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "దండం మురికి కాదన్నా. ఎవరన్నారు? కంట్లో తడి ఉంటాది కదా, అది వేలికంటుకుంటాది. ఆ మాత్ర ఎవరు మింగుతారో మనకు తెలీదు. వాళ్ళ ఒళ్ళు ఎట్లుంటాదో తెలీదు. మా అవ్వ ఇప్పుడు మంచంలో ఉండాది. ఒక మాత్ర చేతిలో పెడితే, అది యాడ చేసినారు, ఎవరు చేసినారు అని అడగదు. నోరు తెరుస్తాది, అంతే."

"అట్లయితే సరే మేడం," అన్నాడు.

తనిఖీ వాళ్ళకు పంపే జవాబులో ఉన్నది ఉన్నట్టే, అది జబ్బు కాదు అలవాటు అని రాస్తానంది. దానితో పాటు ఇంకోటి కూడా చెప్పింది. కొన్ని బ్యాచులు తానే పక్కన నిలబడి చూస్తుంది. ఆ బ్యాచుల్లో ఒక్కసారి కూడా చెయ్యి కళ్ళ దగ్గరికి పోకపోతే మిషను అతనిది. పోతే ట్రేల దగ్గరికే. "ఆపైన నా చేతుల్లో ఏమీ ఉండదన్నా. ఇప్పుడే చెప్తాండా, తర్వాత మేడం మోసం చేసిందనాకు."

బయటికి వచ్చాక అతను స్టేషన్లో రైలు కోసం నిలబడినప్పుడు అన్నాడు: "తెలిసి చేసేదైతే మానుకోవచ్చు. తెలీకుండా చేసేదాన్ని ఎట్ల మానుకునేది బావా?"

దానికి మందు నా చెల్లెలు కనిపెట్టింది. తర్వాతి ఆదివారం నేను పెనుకొండ పోయేసరికి, ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు నట్టింట్లో పెట్టి ఉంది. పక్కన సంగటి తెడ్డు పట్టుకుని ఆమె నిలబడి ఉంది. ఎదురుగా మొగుడు, చేతులకు ఫ్యాక్టరీ గ్లౌజులు.

"మూత పెట్టు," అంది. పెట్టాడు. "చెయ్యి పెట్టు." పెట్టాడు. చెయ్యి మూత మీది నుంచి లేచి పైకి పోతుండగానే తెడ్డుతో మణికట్టు మీద ఒక్కటి పడింది.

"అబ్బా!"

"పోయింది, మళ్ళీ పోయింది! సూస్తివా అన్నా? పొద్దున్నించి ఇదే. చీరలన్నీ అట్లే పడుండాయి, ఒక్కదానికి కుచ్చు కట్లేదు."

"గట్టిగా కొట్టాకే, ఎముకలు ఇరుగుతాయి."

"ఇరిగితే ఇంకేం, పైకి లేయదు."

పక్కింటి దర్జీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. తాతల కాలం నుంచి పెనుకొండలోనే ఉన్న కుటుంబం వాళ్ళది. మా వాళ్ళు అతన్ని భాయీ అంటారు, అతను నా చెల్లెల్ని చెల్లెమ్మా అంటాడు. "ఏమప్పా, గ్రైండరుకు మొక్కుతాండావా? రాత్రి దోసెలు అంత బాగొచ్చినాయా?" అన్నాడు. చెల్లెలు అతనికి సంగతంతా చెప్పింది. అతను నవ్వడం ఆపి, లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"నేనూ గుడ్డకు కత్తెర పెట్టేముందు బిస్మిల్లా అనుకుంటా. పెదాలు కూడా కదలవు. నువ్వు కూడా మనసులో ఏదన్నా అనుకోరాదా? మూతికి మాస్కు ఉంటాది కదా. లోపల ఏమనుకున్నా ఆ కెమెరాకు యాడ కనపడ్తాది?"

బావ నిజంగానే ఆలోచించాడు. పెళ్ళిళ్ళలో మంత్రాలు విన్నాడు, భజనలు విన్నాడు. నాడె పట్టుకునేటప్పుడు మాత్రం వాళ్ళ నాయన ఏమీ అనేవాడు కాదు, అతనికీ ఏమీ నేర్పలేదు.

"నీకు మాట ఉండాది భాయీ. మాకు మాట లేదు. చెయ్యే ఉండాది," అన్నాడు.

దర్జీ తల ఊపాడు. చెల్లెలు తెడ్డు గోడకు ఆనించి టీ పెట్టడానికి పోయింది.

ఆ వారమంతా ఇంట్లో అదే పని. పొద్దున అతను రైలుకు పోయే ముందు కొంతసేపు, సాయంత్రం వచ్చాక కొంతసేపు. గ్రైండరు మూత, బియ్యం డబ్బా మూత, చివరికి అన్నం గిన్నె మూత కూడా. కొన్నిసార్లు చెయ్యి ఆగేది. ఆగిందని ఇద్దరూ సంతోషపడి మాటల్లో పడేసరికి మళ్ళీ పోయేది. ఫ్యాక్టరీలో ఇంచార్జి పక్కన నిలబడిన రోజుల్లో అతను చెయ్యి మూత మీద పెట్టకుండానే పని మొదలుపెట్టి చూశాడట. అప్పుడు మూత సరిగ్గా బిగిసిందో లేదో చూసుకోవడం మరిచిపోయాడు. బిగింపు మీద చెయ్యి వేసి చూసుకోవాలన్నది కూడా అక్కడి నియమమే. చెయ్యి పెట్టాలి, పెట్టినదాన్ని పైకి పోనివ్వకూడదు. జేబులో పెట్టుకుందామంటే ఆ తెల్లబట్టలకు జేబులుండవు.

ఒకసారి చెయ్యి గడ్డం వరకు వచ్చిందని, ఇంచార్జి గట్టిగా దగ్గిందని, అక్కడే ఆగిపోయిందని వచ్చి చెప్పాడు. "ముట్టుకోలేదు కాబట్టి రాయనంది. కానీ ఇంకోసారి దగ్గనంది."

ఆ రోజు ఫోనులో చెల్లెలి గొంతు బాగాలేదు. "అన్నా, ఈయప్ప నిద్రలో కూడా చెయ్యి బిగబట్టుకుంటాండాడు. ఇది పోతే మనిషి నిలబడడు. మగ్గం పోయినప్పుడు నేను చూసినా కదా. నాడె బీరువా మీద పెట్టి, అటు తిరిగి పడుకున్నాడు. ఎన్నాళ్ళు పడుకున్నాడో నాకే తెలుసు. మళ్ళా అట్ల చూడలేను."

చివరి బ్యాచు నాటికి ఫ్యాక్టరీలో ఇంటివాళ్ళను రానిచ్చే రోజు కలిసి వచ్చింది. పనివాళ్ళ కుటుంబాలు వచ్చి, గాజు గోడల అవతల నిలబడి, తమ వాళ్ళు చేసే పని చూసి, మిఠాయి పొట్లం తీసుకుని పోవచ్చు. చెల్లెలు పెనుకొండ నుంచి వచ్చింది. తన చేతులతో కుచ్చులు కట్టుకున్న చీర కట్టుకుంది. నేను స్టేషనుకు పోయి తీసుకొచ్చాను.

మాకు చెప్పులు తీయించి, తలకు టోపీలు పెట్టి, పొడుగాటి వసారాలోకి తీసుకుపోయారు. ఒకవైపు అంతా గాజు. ఇంచార్జి అమ్మాయి మా కోసమే అన్నట్టు అక్కడ నిలబడి ఉంది. ఆ రోజు ఆమె లోపలికి పోలేదు.

"ఈపొద్దు ఈడనుంచే చూస్తా అక్కా. పక్కన నేనుంటే నా దగ్గు కోసం చూస్తాడు. నేను లేకుండా ఆగాల, అదే నాకు కావాల్సింది," అంది.

గాజు అవతల సంగటి కుండ నిలబడి ఉంది. నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. స్టీలు ఎంత మెరుస్తోందంటే, గదిలోని దీపాలన్నీ దాని పొట్ట మీదే వెలుగుతున్నట్టున్నాయి. లోపల ఇద్దరు తెల్లబట్టల మనుషులు. మోకాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు మావాడు. చెల్లెలు అతన్ని నాకంటే ముందే గుర్తుపట్టింది. అతను ఒకసారి గాజు వైపు చూశాడు. మమ్మల్ని చూశాడో లేదో తెలియదు, మాస్కు మీద కళ్ళు మాత్రమే కదా.

పొడి గొట్టంలోంచి పాత్రలోకి పోయింది. మాకు శబ్దం వినిపించలేదు. గొట్టం అదరడం కనిపించింది. అతను మూత దించాడు. బిగింపులు ఒక్కొక్కటే తిప్పాడు. తిప్పాక కుడి అరచెయ్యి మూత మీద పెట్టాడు.

నా పక్కన చెల్లెలు గాజుకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

చెయ్యి మూత మీద ఉంది. అతను దాన్ని తీయలేదు. మామూలుగా బిగింపు చూసుకోవడానికి ఎంతసేపు కావాలో అంతకంటే ఎక్కువసేపు అక్కడే ఉంచాడు. పసిబిడ్డ నిద్రపోయిందా లేదా అని వీపు మీద చెయ్యి వేసి చూస్తామే, అలా ఉంది నాకు. తర్వాత చెయ్యి లేచింది. ఛాతీ వరకు వచ్చింది. నేను ఇంచార్జి మొహం చూశాను, ఆమె కదలకుండా చూస్తోంది. అక్కడి నుంచి ఆ చెయ్యి పక్కకు తిరిగి, బటను దగ్గరికి పోయి, నొక్కింది. మిషను మెల్లగా వణికింది. పక్కనున్న తెర మీద అంకెలు కదిలాయి.

ఆ క్షణంలోనే చెల్లెలి కుడిచెయ్యి పైకి లేచింది. వేళ్ళు గాజుకు తాకాయి, సరిగ్గా పాత్ర కనిపిస్తున్న చోట. తాకిన వేళ్ళను కుడి కంటికి, ఎడమ కంటికి అద్దుకుంది. అంతా ఒక్క రెప్పపాటులో అయిపోయింది. అయిపోయాక ఆమెకే తెలిసి, భయపడిపోయి, చేతిని కొంగులో దాచుకుని ఇంచార్జి వైపు చూసింది.

ఇంచార్జి గాజు మీద పడిన వేళ్ళ ముద్రలు చూసింది. జేబులోంచి గుడ్డ తీసి తుడవబోయి, తుడవకుండా గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"గాజుకు ఈపక్క మా రూల్సు లేవులే అక్కా," అంది.

గంజి పడటం, రవ్వ కావడం, పాత్ర ఊగడం, అన్నీ చూశాం. ఊగేటప్పుడు చెల్లెలు మొదటిసారి నవ్వింది. "నిజంగానే ఊపుతాండారు చూడన్నా," అంది. వెనక చాలా కుటుంబాలు నిలబడి ఉండటంతో మేము అక్కడి నుంచి కదలాల్సి వచ్చింది. పోయేముందు ఇంచార్జి, "రేపటి నుంచి అన్న పేరు ఈ మిషనుకే," అని చెప్పింది. చెల్లెలు ఆమె చేతులు పట్టుకుంది.

గేటు బయట చెట్టు నీడలో మిఠాయి పొట్లాలు పట్టుకుని నిలబడ్డాం. పని ముగించుకుని అతను వచ్చేసరికి చాలాసేపు పట్టింది. మాస్కు తాళ్ళ గుర్తులు చెంపల మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది. మమ్మల్ని చూసి నవ్వలేదు. నేరుగా పెళ్ళాం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు నాకు అర్థమైంది, అతనికి ఇంకా తెలియదని. చెయ్యి పోయిందో లేదో అందరమూ చూశాం, అతనొక్కడే చూడలేదు.

"పోయిందా?" అని అడిగాడు.

"లేదు," అంది చెల్లెలు.

"నిజం చెప్పు. పోయిందా?"

"నీది పోలేదప్పా," అంది. కొంగులోంచి చెయ్యి బయటికి తీసి అతని చెయ్యి పట్టుకుంది. "నాది పోయింది."